పుష్కరానికి మూరెడు: గోదావరి కింద కదిలే నేల

(రాజమండ్రిలో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డు విని రాసి, అచ్చు కోసం కొద్దిగా సరిచేశాం.)

అందరికీ నమస్కారం.

ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు ఒక రాయి ఇచ్చాను. నల్లగా ఉంటుంది, చూసినదానికంటే చేతికి బరువుగా తగులుతుంది. ఒక్కొక్కరూ చేత్తో పట్టుకుని చూసి వెనక వరుసకు అందించండి. దాని సంగతి కాసేపయ్యాక చెబుతాను.

మీలో చాలామంది 2015 పుష్కరాల్లో ఈ ఊళ్ళోనే స్నానం చేసి ఉంటారు. 2027లో మళ్ళీ పుష్కరాలు. అదే రేవుకు వెళతారు, అదే మెట్టు మీద కాలు పెడతారు. కానీ ఈ పన్నెండేళ్ళలో ఆ మెట్టు ఈశాన్యం వైపు సుమారు 60 సెంటీమీటర్లు జరిగి ఉంటుంది. మన పాత కొలతలో చెప్పాలంటే మూర కన్నా కాస్త ఎక్కువ. మెట్టు ఒక్కటే కాదు. రేవు, గుడి, రైలు వంతెన, మనం కూర్చున్న ఈ హాలు, అటు హైదరాబాదు, ఇటు చెన్నై అన్నీ కలిసే జరుగుతాయి. అందుకే మనకు తెలియదు. నడిచే రైలు పెట్టెలో ఎదుటి సీటు మనిషి కదులుతున్నట్టు కనిపించడు కదా, అలాగే ఇదీ. పైనుంచి ఉపగ్రహాలతో కొలిస్తే మాత్రం దాగదు. హైదరాబాదులో ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఆవరణలో జీపీఎస్ కేంద్రం ఉంది. ఏళ్ళ తరబడి కొలిచిన లెక్కల్లో తేలింది ఇదే: ఏడాదికి 5 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ.

చాలా ఏళ్ళు కాలేజీలో జియాలజీ పాఠం చెప్పాను. భూమి పలకల పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకాల్లో ఐస్‌లాండ్, జపాన్, కాలిఫోర్నియా బొమ్మలే ఉండేవి. పిల్లలు ఆ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకునేవాళ్ళు. ఆ పాఠం తమ ఊరి ఏటి ఒడ్డున ఉందని వాళ్ళకు నేను తగినంత చెప్పలేదేమో అన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇవాళ ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. గోదావరి మన దగ్గరకు ఎందుకు వచ్చింది?

ఆలోచించండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టింది. అక్కడి నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. బస్సెక్కితే పూట పట్టదు. అంత దగ్గరున్న సముద్రానికి వీపు తిప్పి, 1465 కిలోమీటర్లు నడిచి మన బంగాళాఖాతంలో కలుస్తోంది. కృష్ణ కూడా అంతే. మహాబలేశ్వరంలో పుట్టింది, పడమటి సముద్రానికి 64 కిలోమీటర్ల దూరంలో. నడిచింది మాత్రం 1400 కిలోమీటర్లు, తూర్పుకు. నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. నిజమే. మరి ఆ పల్లం ఇటే ఎందుకుంది? దాన్ని ఎవరు చేశారు?

జవాబు చెప్పే ముందు, భూమి లోపల ఏం జరుగుతుందో రెండు మాటలు.

భూమి పైభాగం ఒకే గట్టి పెంకు కాదు. ఏడు పెద్ద పలకలు, మరికొన్ని చిన్నవి. ఒక్కొక్కటి సుమారు 100 కిలోమీటర్ల మందం. వీటి కింద లావా సముద్రం ఉందనీ, పలకలు దాని మీద పడవల్లా తేలుతున్నాయనీ చాలామంది అనుకుంటారు. అది తప్పు. కింద ఉన్నది కూడా రాయే, గట్టి రాయి. రోడ్డు వేసేచోట తారు పీపా పక్కకు ఒరిగి ఉండటం చూసే ఉంటారు. ఆ తారును సుత్తితో కొడితే పెంకులు పెంకులుగా పగులుతుంది. అదే తారు పదిరోజులు ఎండలో అలా పడి ఉంటే నాలుకలా బయటికి జారుతుంది. లోపలి రాయి గుణం కూడా అలాంటిదే. క్షణంలో దెబ్బ తగిలితే రాయి. కోట్ల ఏళ్ళు వేడి, ఒత్తిడి ఉంటే పారుతుంది.

పలకలను కదిలించేది ఏమిటి? ఇంట్లో దండెం మీద తడి చీర ఆరేసినప్పుడు ఒకవైపు ఎక్కువ వేలాడిందనుకోండి, ఆ బరువుకు చీర మొత్తం అటు జారిపోతుంది. ఎవరూ తొయ్యక్కర్లేదు. సముద్రపు అడుగు కూడా పాతబడేకొద్దీ చల్లబడి, బరువెక్కుతుంది. ఎక్కడో ఒకచోట దాని అంచు లోపలికి దిగడం మొదలైతే, వెనక ఉన్న పలకనంతా తనతో లాగుతుంది. మరోవైపు పలకలు విడిపోయే చోట పగులులోంచి వేడి రాయి పైకి వచ్చి, గడ్డకట్టి, కొత్త నేల పుడుతుంది. ఈ సంగతి తేలడానికి మన హిందూ మహాసముద్రమే సాక్ష్యం ఇచ్చింది. 1962లో ఓవెన్ అనే బ్రిటిష్ నౌక అరేబియా ద్వీపకల్పానికి దక్షిణంగా, కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీదుగా తిరిగి అక్కడి రాళ్ళ అయస్కాంతత్వం కొలిచింది. ఆ కొలతలను పట్టుకునే ఫ్రెడ్ వైన్, డ్రమ్మండ్ మాథ్యూస్ అనే ఇద్దరు 1963లో సముద్రపు అడుగు రెండువైపులా విస్తరిస్తోందని రాశారు. అంతకు యాభై ఏళ్ళ ముందు ఖండాలు కదులుతాయని వెగెనర్ అనే శాస్త్రవేత్త చెబితే నవ్విన లోకం, ఆ తర్వాత నాలుగైదేళ్ళలో ఒప్పుకుంది.

వెగెనర్ పేరు వచ్చింది కాబట్టి మన సింగరేణికి వెళదాం. సంబంధం ఏమిటా అనుకోకండి, ఉంది.

1912 జనవరి. ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అనే జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిలబడి, ఖండాలన్నీ ఒకప్పుడు ఒక్కటిగా ఉండి తర్వాత విడిపోయాయని చెప్పాడు. సరిగ్గా మరుసటి నెల, అంటార్కిటికాలో, దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం ఒక కొండ దగ్గర ఆగింది. ఐదుగురూ అప్పటికే చలికి, ఆకలికి చిక్కిపోయి ఉన్నారు. అయినా రాళ్ళు ఏరారు. తిరుగు దారిలో అందరూ చనిపోయారు. నవంబరులో వెతుకుతూ వెళ్ళినవాళ్ళకు చివరి డేరాలో శవాలు, పక్కన సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. ప్రాణం పోతున్నా ఆ బరువు వదల్లేదు. ఈ కథ క్లాసులో చెప్పిన ప్రతిసారీ నా గొంతు కొంచెం మారేది. ఆ రాళ్ళలో ఏముందో తెలుసా? ఆకులు. నాలుక ఆకారంలో ఉండే ఆకుల అచ్చులు. ఆ మొక్క పేరు గ్లాసోప్టెరిస్.

ఇల్లందు, కొత్తగూడెం, రామగుండం, మంచిర్యాల గనుల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? (వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తారు.) నమస్కారమండీ. మీరు బొగ్గు పొరల మధ్య రాతిపెళ్ళ విడదీసినప్పుడు ఈనెలతో సహా ఆకు అచ్చు ఎప్పుడైనా చూసి ఉంటారు. అదే ఆకు. అంటార్కిటికా మంచులో స్కాట్ మనుషులు ఏరిన ఆకు, మన బొగ్గులో ఉన్న ఆకు ఒకే జాతివి. ఆఫ్రికాలో ఉంది, దక్షిణ అమెరికాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది. దాని విత్తనాలు సముద్రాలు దాటి అన్నిచోట్లకీ ఎగిరిపోయేంత చిన్నవి కావు. కాబట్టి నేలే ఒక్కటిగా ఉండేది. ఆ ఉమ్మడి ఖండానికి లోకమంతా వాడే పేరు గోండ్వానా. మన గోండుల పేరు అది. గోండుల సీమలో ఉన్న ఈ రాళ్ళ వరుసకు భూగర్భ శాస్త్రజ్ఞులు మొదట ఆ పేరు పెట్టారు, తర్వాత ఖండానికే అది నిలిచిపోయింది. ఎక్కడో అర్జెంటీనాలో పాఠం చదివే పిల్లవాడు కూడా గోండ్వానా అనే అంటాడు.

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో కనిపెట్టింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి విలియం కింగ్. బొగ్గు అక్కడే ఎందుకుంది, మన కాకినాడలో ఎందుకు లేదు? ఎందుకంటే అక్కడ భూమి ఒకప్పుడు చీలబోయింది. ఆదిలాబాద్ ప్రాంతం నుంచి భద్రాచలం దిగువ దాకా, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి రెండు పొడవాటి పగుళ్ళు పడ్డాయి. మధ్యలో నేల కుంగింది. ఖండం రెండుగా విడిపోతుందేమో అన్నంత దూరం వెళ్ళి, ఆగిపోయింది. కానీ కుంగడం మాత్రం కోట్ల ఏళ్ళు సాగింది. కుంగిన పల్లంలోకి నీరు చేరింది, అడవులు పెరిగాయి, కూలాయి, మట్టి కప్పేసింది, మళ్ళీ కుంగింది. పాతిక కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ అడవే సింగరేణి బొగ్గు. ఆ పొరలకంటే అడుగున ఇంకో వింత ఉంది. హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన గుండ్రాళ్ళు, మట్టి. ఎండాకాలంలో రామగుండంలో నిలబడి, మన కాళ్ళ కింద లోతున మంచు గీసిన రాళ్ళున్నాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉంది.

బొగ్గు తర్వాత కూడా ఆ పల్లం నిండుతూనే ఉంది. ఆదిలాబాద్ ప్రాంతపు యామన్‌పల్లిలో దొరికిన ఎముకలతో నిలబెట్టిన డైనోసార్ హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఊరి పేరే దానికి ఇంటిపేరు అయింది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

ఇప్పుడు గోదావరి మాటకు వస్తే, మంచిర్యాల దాటాక నది ఆ పాత పగులునే దారి చేసుకుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని ఆగ్నేయంగా తిరుగుతుంది చూడండి, మ్యాపులో గీత గీసినట్టుంటుంది. అది నది ఇష్టం కాదు. పగిలి, కుంగి, మెత్తటి ఇసుకరాయితో నిండిన చోట తవ్వుకోవడం సులువు. విడిపోబోయి ఆగిన ఖండపు మచ్చ మీదుగా గోదావరి నడుస్తోంది.

ఆ తర్వాత పాపికొండలు. లాంచీలో వెళ్ళినప్పుడు అందరం పైకి చూస్తాం, పచ్చదనం చూస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు నీటి అంచున రాయిని చూడండి. తూర్పు కనుమల రాళ్ళలో ఒకదాని పేరు ఖోండలైట్. ఈ కనుమల్లో ఉండే ఖోండు ప్రజల పేరు మీద పెట్టారు. విశాఖ కైలాసగిరి మీద ఉన్నదీ అదే, కోణార్క గుడి కట్టిందీ ఎక్కువగా దానితోనే. ఈ రాళ్ళు ఇలా కావాలంటే పాతిక, ముప్ఫై కిలోమీటర్ల లోతున కాలాలి. అంటే ఇవి మహాపర్వతాల వేళ్ళు. సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట మన తూర్పు అంచు, అంటార్కిటికా తూర్పు భాగం ఒకదానికొకటి గుద్దుకుని పర్వతాలు లేచాయి. పై భాగమంతా ఎప్పుడో అరిగిపోయింది, మనకు మిగిలింది పునాదులు. ఆ పర్వతాల రెండో సగం ఇప్పటికీ అంటార్కిటికాలో ఉంది, రేనర్ అంటారు అక్కడి రాళ్ళను. వయసూ, పోలికా సరిపోతాయి.

వైజాగ్ బీచ్‌లో నిలబడి తూర్పుకు చూస్తే ఎప్పుడూ సముద్రమే కదా మనకు. ఒకప్పుడు అక్కడ సముద్రం లేదు. ఎదురుగా అంటార్కిటికా కొండలు ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట ఆ అతుకు ఊడింది. అంటార్కిటికా ఒకవైపు, మనం ఒకవైపు. మధ్యలో పుట్టిన నీళ్ళే బంగాళాఖాతం. నా మటుకు నాకు ఇది తెలిసిన రోజు నుంచి మన తీరం తీరంలా కనిపించదు, చింపిన కాగితపు అంచులా కనిపిస్తుంది. ఆ చినుగు పొడవునా నేల కుంగి ఏర్పడిన గుంతల్లో కిలోమీటర్ల మందాన మట్టి పేరుకుంది. కోనసీమ అడుగున ఉన్న గ్యాస్, కేజీ బేసిన్ అంటూ పేపర్లలో చదివేది, ఆ గుంతల సరుకే.

ఆ పైన సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ విడిపోయింది. ఇక భారతదేశం ఒంటరి ద్వీపం. ఉత్తరాన టెథిస్ అనే మహాసముద్రం. దాని అడుగు ఆసియా కిందికి దిగుతూ, చెప్పాను కదా దండెం మీద చీర, మనల్ని ఉత్తరానికి లాగుతోంది.

ఆ రాయి ఎక్కడిదాకా వచ్చింది? నాలుగో వరుసా? సరే, అక్కడే కాసేపు ఉంచండి.

అది పంగిడి నల్లరాయి. మనకు కొత్త కాదు. గోదావరికి అవతల పంగిడి, గౌరీపట్నం క్రషర్ల నుంచి లారీల్లో వచ్చే కంకర అదే. మీ ఇంటి స్లాబులో ఉంటుంది, రోడ్డులో ఉంటుంది. శాస్త్రంలో బసాల్ట్ అంటారు. గడ్డకట్టిన లావా. చాలామంది అడుగుతారు, అయితే ఇక్కడ అగ్నిపర్వతం ఉండేదా అని. ఇక్కడ కాదు.

6.6 కోట్ల ఏళ్ళ కిందట, భూమి లోతు నుంచి వేడి పైకి తన్నుకొచ్చే ఒక చోటు మీదకు మన పలక చేరింది. ఆ చోటు ఇప్పటికీ ఉంది, హిందూ మహాసముద్రంలో రియూనియన్ దీవి దగ్గర. మనం దాటిపోయాం, అది అక్కడే ఉండిపోయింది. అప్పుడు పొంగిన లావా ఇవాళ మిగిలినదే 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే వచ్చే వైశాల్యానికి దాదాపు రెట్టింపు. పడమటి కనుమల్లో కొన్నిచోట్ల మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది. పొర మీద పొర, మెట్లు మెట్లుగా. అటు వికారాబాదు, ఆదిలాబాదు వైపు ఉన్నది ఆ లావా అంచే. ఆ రాయి అరిగి, చివికి నల్లరేగడి అయింది. పత్తి రైతు కాలికి అంటుకునే మట్టి ఆ లావాదే.

మరి అక్కడెక్కడో పొంగిన లావా రాజమండ్రి దాకా ఎలా వచ్చింది? పంగిడి, కాతేరు రాళ్ళను రసాయన పరీక్షల్లో పడమటి కనుమల రాళ్ళతో పోల్చి చూశారు. మహాబలేశ్వరం వైపు పొరలతో సరిపోయాయి. అంటే ఈ లావా అక్కడ పుట్టి, అప్పటి ఏటి లోయలు పట్టుకుని, సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి సముద్రపు ఒడ్డుకు చేరింది. భూమి మీద ఇంత దూరం నడిచిన లావా ప్రవాహం ఇంకొకటి తెలియదు. పైన గడ్డకట్టిన పెంకు లోపలి వేడిని కాపాడుతుంది, లోపల ద్రవం పారుతూనే ఉంటుంది. కుంపట్లో బూడిద కప్పిన నిప్పు తెల్లారేదాకా ఉంటుంది కదా, అలా.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఏమిటంటే, లావా కూడా పల్లమెరుగు. 6.6 కోట్ల ఏళ్ళ కిందట అది ఇటు పారిందంటే, అప్పటికే నేల తూర్పుకు వాలి ఉంది. తూర్పున అంటార్కిటికా విడిపోయి అంచు కుంగింది. పడమట లోపలి వేడికి నేల పొంగి ఎత్తైంది. ఆ తర్వాత సీషెల్స్ దీవులున్న ముక్క పడమటి అంచు నుంచి ఊడిపోయింది. ఊడిన చోట గోడలా నిలబడినవే పడమటి కనుమలు. బొంబాయి నుంచి పుణె వెళ్ళే రైలు ఎక్కేది ఆ గోడనే. గోడ అవతల వైపు పడిన వాన చిన్న చిన్న ఏరులై నిటారుగా దిగి అరేబియా సముద్రంలో పడుతుంది. ఇవతల పడిన వాన ఒక్క చుక్క కూడా అటు వెళ్ళలేక, అంత దూరం నడిచి మన ధవళేశ్వరం చేరుతుంది. ఏ కాలంలో ఎంత వాలు ఏర్పడిందన్న దాని మీద పండితుల్లో వాదాలున్నాయి. వాలు పలకలు విడిపోవడం వల్ల వచ్చిందన్న దాంట్లో లేవు. కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, డెల్టా పచ్చబడింది, నిజమే, ఆయన్ని తలుచుకుంటాం. ఆయన ఆపడానికి నీళ్ళను ఇటు పంపినవి మాత్రం ఆ రెండు చీలికలు.

ఇంకో మాట. ఆ రాతిలో ఇనుము కలిసిన సన్నటి రేణువులు ఉంటాయి. లావా చల్లబడేటప్పుడు ఆ రేణువులు దిక్సూచి ముల్లులా అప్పటి భూ అయస్కాంత దిశకు తిరిగి, అలాగే బిగిసిపోతాయి. భూమధ్యరేఖ దగ్గర ఆ ముల్లు అడ్డంగా ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ ఏటవాలు అవుతుంది. కాబట్టి రాయి ఏ అక్షాంశం మీద పుట్టిందో ఆ వాలు చెబుతుంది. 1950ల్లో బ్రిటన్‌లో పాట్రిక్ బ్లాకెట్ బృందం దక్కన్ రాళ్ళను ఇలా కొలిచింది. అవి గడ్డకట్టింది భూమధ్యరేఖకు దక్షిణాన అని తేలింది. ఇవాళ రాజమండ్రి ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీల దగ్గర. నాలుగో వరుసలో అమ్మాయీ, నీ చేతిలో ఉన్నది దక్షిణార్ధగోళంలో పుట్టిన రాయి తల్లీ. నడిచి రాలేదు. నేలతో కలిసి వచ్చింది.

అప్పట్లో మన వేగం ఇప్పటిలా కాదు. ఏడాదికి 15 సెంటీమీటర్లు, అంతకు పైనే. పుష్కరానికి మూరెడు కాదు, నిలువెత్తు. ఆ ఊపులో వెళ్ళి సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను తాకింది. సముద్రపు అడుగైతే బరువుకు లోపలికి దిగిపోతుంది. ఖండం తేలిక, దిగదు. ముడతలు పడి పైకి లేస్తుంది. అవే హిమాలయాలు.

మా ఇంట్లో తాతగారి నాటి సాలగ్రామం ఉంది. మా నాయనమ్మ రోజూ పాలతో అభిషేకం చేసి, తుడిచి, తులసిదళం పెట్టేది. లోపల చక్రం ఉంటుందని చూపించేది. నేను ఎమ్మెస్సీ చదువుతుండగా ఒక సెలవుల్లో ఇంటికి వచ్చి చూస్తే, ఆ చక్రాన్ని అంతకుముందే ల్యాబులో చూశానని తట్టింది. అది అమ్మోనైట్. సముద్రజీవి. నేపాల్‌లో గండకీ నది కొండల్లోంచి దొర్లించుకొచ్చే ఆ రాళ్ళు, పదిహేను కోట్ల ఏళ్ళ నాటి టెథిస్ సముద్రపు అడుగు బురద. ఆ సముద్రం ఇప్పుడు లేదు. మూసుకుపోయింది. ఎవరెస్టు 8848.86 మీటర్ల ఎత్తున ఉన్న శిఖరం మీది రాయి కూడా సముద్రంలో పేరుకున్న సున్నపురాయే. నాయనమ్మకు చెబితే, "అయితే మరీ మంచిది, సముద్రంలో పడుకున్న స్వామే కదా" అంది. ఆవిడకు అందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు. నాకూ లేదు.

ఆ గుద్దుకోవడం ఆగలేదు. హిమాలయాల దగ్గర ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు, అంటే పుష్కరానికి జానెడు చొప్పున, నేల అణిగి బిగుస్తోంది. మిగతాది టిబెట్ అవతల దాకా పంచుకుంటుంది. ఆ జానెడు జారితే బాధ లేదు. జారదు. పట్టుకుని ఉంటుంది. వందేళ్ళకు రెండు మీటర్ల బిగువు. 1934లో బీహార్, నేపాల్ సరిహద్దుల్లో వదిలింది. 2015 ఏప్రిల్ 25న గోర్ఖా దగ్గర 7.8 తీవ్రతతో వదిలింది. కాఠ్మండూ లోయ నిమిషం లోపే దక్షిణంగా మీటరుకు పైగా జరిగింది. సుమారు 9 వేల మంది చనిపోయారు. అదే ఏడు జులైలో మనం ఇక్కడ పుష్కర స్నానాలు చేశాం. ఒకే పలక మీద.

(సభలో ఒకావిడ: "మాస్టారూ, మరి మన దగ్గర భూకంపాలు రావా? హిమాలయాలకే కదా అంటారు అందరూ.")

మంచి ప్రశ్నమ్మా. పలక అంచున వచ్చినంత పెద్దవి, అంత తరచుగా మనకు రావు. అసలు రావు అనడం మాత్రం తప్పు. ముందు పెట్టె ఆగితే ఆ కుదుపు రైలు మొత్తానికీ తగులుతుంది. హిమాలయాల్లో అడ్డు తగిలిన ఒత్తిడి దక్షిణం దాకా వస్తుంది. వచ్చి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ బయటపడుతుంది. బొగ్గు పల్లం పగుళ్ళు చెప్పాను కదా, అవి పాతవైనా చావలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, హైదరాబాదు, విజయవాడల్లో కూడా మంచాలు కదిలాయి. ఒంగోలు దగ్గర 1967లో వచ్చింది. ఇక మహారాష్ట్రలో లాతూరు, 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున. తీవ్రత 6.2 మాత్రమే. దాదాపు 10 వేల ప్రాణాలు పోయాయి. ఎందుకు? మట్టి అడుసుతో పేర్చిన బండరాళ్ళ గోడలు, పైన బరువైన మట్టి మిద్దెలు. నిద్రలో ఉన్నవాళ్ళ మీద ఇళ్ళే పడ్డాయి. భూకంపం ఏ రోజు వస్తుందో చెప్పగల మనిషి లోకంలో ఎవరూ లేరు. వాట్సాప్‌లో ఫలానా తేదీన వస్తుందని మెసేజ్ వస్తే నమ్మకండి, టెన్షన్ పడకండి, ఇంకొకరికి పంపకండి. ఇల్లు కట్టేటప్పుడు స్తంభాలకీ దూలాలకీ కలిసేచోట ఇనుము సరిగా కట్టారా అని మేస్త్రీని అడగండి. కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా ఉత్త స్తంభాల మీద నిలబెట్టే అపార్ట్‌మెంట్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఇంజనీరు లెక్క ఉందో లేదో కొనేముందే అడగండి.

సముద్రం సంగతి కూడా చెప్పాలి, కాకినాడ, ఉప్పాడ, అంతర్వేది నుంచి వచ్చినవాళ్ళున్నారు. మన పలక బంగాళాఖాతం అడుగు నుంచి అండమాన్ దాకా ఉంది. అక్కడ అది పక్క పలకకు అడుగున దిగిపోతుంది. 2004 డిసెంబరు 26 ఉదయం అక్కడ సుమారు 1300 కిలోమీటర్ల పొడవున జారింది. 9.1 తీవ్రత. నికోబార్‌లో ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు నీళ్ళలోకి వెళ్ళింది. సుమారు రెండున్నర గంటల్లో అల మన తీరానికి వచ్చింది. ఆ రోజు పౌర్ణమి, ఆదివారం. మన రాష్ట్రంలోనే వంద మందికి పైగా పోయారు. ఆ రెండున్నర గంటల్లో వాళ్ళకు ఒక్క మాట చెప్పే ఏర్పాటు లేదు. ఇప్పుడు ఉంది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ సంస్థ 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది. కానీ ఒడ్డున ఉండి నేల చాలాసేపు ఊగితే, లేదా సముద్రం ఒక్కసారిగా వెనక్కి తగ్గితే ఫోను మోగేదాకా ఆగకండి. వలలు, పడవలు వదిలేసి మెరక మీదకు వెళ్ళండి. మొదటి అల చిన్నదైనా తిరిగి రాకండి, తర్వాతిది పెద్దది కావచ్చు. ఇది ఇక్కడ లేని మీ బంధువులకు కూడా చెప్పండి.

టైమ్ అయిపోతోందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. రాయి చివరి వరుస దాకా వెళ్ళిందా? వెళితే ఇలా ఇవ్వండి, దాన్ని ఈ గ్రంథాలయానికే ఇచ్చేస్తున్నాను. కిటికీ దగ్గర పెట్టండి, వచ్చినవాళ్ళు ముట్టుకునేలా.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు రైల్వే స్టేషన్ ఎదురుగా కలుద్దాం, పంగిడి వైపు వెళదాం. పిల్లలు పెద్దవాళ్ళతో రండి, నీళ్ళ సీసా, టోపీ తెచ్చుకోండి. క్వారీలో పని నడిచే వైపు వెళ్ళం, పాత గోడ దగ్గరే ఉంటాం. కింద ఒక లావా పొర, పైన ఒక లావా పొర, మధ్యలో తెల్లగా సున్నపురాయి కనిపిస్తుంది. లావా వచ్చి ఆగి, మళ్ళీ వచ్చే లోపల ఇక్కడ ఉప్పునీళ్ళు నిలిచిన కాలం అది. అందులో గవ్వలుంటాయి. ఎవరికైనా కనిపిస్తే పెకిలించకండి, నన్ను పిలవండి, అందరం కలిసి చూద్దాం.